రోవర్‌కి ఫిక్స్ రాకపోతే ఒక్కసారి పైనున్న ఆకాశం సంగతి కూడా అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

భూముల రీసర్వే మీద మీ జిల్లా పేజీలో వరసగా వస్తున్న వార్తలు చదువుతున్నాను. ఉదయం కొలిస్తే హద్దు ఒకచోట, మధ్యాహ్నం కొలిస్తే ఇంకోచోట వచ్చిందని, ఉపగ్రహాల సిగ్నల్ పట్టి హద్దు కొలిచే రోవర్లు నాసిరకమని ఒకరు, సర్వేయర్లకి పని రాదని ఒకరు, చేతులు తడిపితే హద్దు జరిగిందని ఇంకొకరు అన్నారని రాశారు. జనం అన్నది మీరు రాశారు, దాన్ని తప్పు పట్టను. కానీ ఇన్ని వార్తల్లో ఒక్కదాంట్లో కూడా అయనోస్ఫియర్, అంటే మన పైన ఎలక్ట్రాన్లు నిండిన పొర, అన్న మాట లేదు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, అంతకంటే ఎక్కువ కాలంగా సరదాకి సొంతంగా నడుపుకునే హామ్ రేడియో పట్టుకుని కూర్చున్నవాణ్ణి, నాకు అది చదివినప్పుడల్లా మనసు ఊరుకోవడం లేదు, అందుకే ఉత్తరం కాస్త పెద్దదైనా ఓపిగ్గా చదవమని అడుగుతున్నాను.

మా అక్క కొడుకు గ్రామ సర్వేయరు. 2025 మార్చిలో వాడితో కలిసి ఒక పొలానికి వెళ్లాను, ఊరు పేరు చెప్పను. మధ్యాహ్నం రెండున్నర. చుట్టూ చెట్టు లేదు, పుట్ట లేదు, కోసేసిన వరిచేను, మబ్బు కూడా లేదు. ఫోన్‌లో నెట్ బాగానే ఉంది. రోవర్ కర్ర నిలబెట్టి పావుగంట చూశాం, స్క్రీన్ మీద ఫ్లోట్, ఫ్లోట్, ఒక్క క్షణం ఫిక్స్, మళ్లీ ఫ్లోట్. ఫిక్స్ అంటే పాయింటు పక్కాగా తేలినట్టు, ఫ్లోట్ అంటే ఇంకా తేలనట్టు. ఆ ఒక్క క్షణం ఫిక్స్‌లో వచ్చిన పాయింటు ముందు రోజు పొద్దున తీసిన పాయింటుకి జానెడు దూరంలో పడింది. గట్టు మీద నిలబడ్డ రైతు "ఏం బాబూ, నిన్న అక్కడన్నారు, ఇవాళ ఇక్కడంటున్నారు, రేపు మా పక్కాయన వస్తే ఇంకెక్కడంటారు?" అని అడిగాడు. ఆయన అడిగింది న్యాయమే. మా వాడి మొహం చూస్తే జాలేసింది. "మావయ్యా, రోజూ ఇదే టెన్షన్, పొద్దున పూట బంగారంలా పనిచేస్తుంది, భోజనాలయ్యాక దానికేమవుతుందో తెలీదు" అన్నాడు. దానికేమవుతుందో నాకు తెలుసు. అది వాడికి శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

ముందే ఒక మాట. ఫిక్స్ రానప్పుడల్లా కారణం ఆకాశమే అనడం లేదు. కొబ్బరితోటలో నిలబెడితే రాదు, రేకుల షెడ్డు పక్కన రాదు, సిమ్ సిగ్నల్ పోతే రాదు, రోవర్‌కి సవరణలు పంపే బేస్ స్టేషన్ ఆగిపోతే అసలే రాదు. చేతులు తడిపే వ్యవహారం ఎక్కడా లేదని కూడా చెప్పలేను. కానీ బట్టబయలు పొలంలో, మంచి నెట్ ఉండగా, అందులోనూ మార్చి ఏప్రిల్, సెప్టెంబర్ అక్టోబర్ నెలల్లో, మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలై పొద్దు వాలాక కూడా సాగే గొడవ అయితే, ముందుగా అనుమానించాల్సింది పైనున్న ఎలక్ట్రాన్లని.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పైన పల్చటి గాలి అణువుల్లోంచి ఎలక్ట్రాన్లని విడగొడతాయి. నేల నుంచి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తులో మొదలై వెయ్యి కిలోమీటర్ల దాకా ఉండే ఈ పొరనే అయనోస్ఫియర్ అంటాం. 300 కిలోమీటర్లు, ఆ పైన కొంచెం, అక్కడ ఎలక్ట్రాన్లు బాగా చిక్కగా ఉంటాయి. జీపీఎస్ ఉపగ్రహం 20 వేల కిలోమీటర్ల పైన ఉంటుంది కాబట్టి దాని సిగ్నల్ ఈ పొర మొత్తం దాటుకుని రావాల్సిందే. దాటేటప్పుడు ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యం అంటే, దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు తగిలాయో అంత. ఉపగ్రహం నుంచి మన దాకా ఒక చదరపు మీటరు మందాన ఒక స్తంభం ఉందనుకుని అందులోని ఎలక్ట్రాన్లన్నీ లెక్కపెడితే వచ్చేదే టోటల్ ఎలక్ట్రాన్ కంటెంట్, పనిలో ఉన్నవాళ్లు టెక్ అంటారు. ఒకటి పక్కన పదహారు సున్నాలు పెడితే ఎన్నో, అన్ని ఎలక్ట్రాన్లు ఒక టెక్ యూనిట్. మామూలు జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్‌జ్ మీద ఒక్క యూనిట్‌కి దూరం లెక్కలో 16 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. సూర్యుడు మంచి జోరు మీదున్న సంవత్సరాల్లో మన నెత్తిన మధ్యాహ్నం 100 యూనిట్లు దాటడం మామూలే, అంటే 16 మీటర్లు. ఉపగ్రహం నడినెత్తిన కాకుండా వాలుగా ఉంటే సిగ్నల్ ఆ పొరలో ఏటవాలుగా ఎక్కువ దూరం నడవాలి కాబట్టి ఇంకా రెండు మూడు రెట్లు.

మరి దీన్ని కొలిచేదెలా? ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఒకే ఉపగ్రహం రెండు ఫ్రీక్వెన్సీల మీద ఒకేసారి సిగ్నల్ పంపుతుంది. అన్నదమ్ములిద్దరు ఒకేసారి ఇంట్లోంచి బయల్దేరి సంత మధ్యలోంచి నడిచారనుకోండి, తమ్ముడు ఎవరితో మాట్లాడకుండా విసవిసా వచ్చేస్తాడు, అన్న కనబడ్డ ప్రతివాణ్ణీ పలకరిస్తూ వస్తాడు. ఇద్దరూ మన దగ్గరికి వచ్చిన టైములో తేడా చూస్తే సంతలో ఎంతమంది ఉన్నారో లోపలికి వెళ్లకుండానే చెప్పొచ్చు. తక్కువ ఫ్రీక్వెన్సీ ఆ అన్న లాంటిది, ఫ్రీక్వెన్సీ సగమైతే ఆలస్యం నాలుగింతలు. జీపీఎస్ పాత జోడీ 1575.42, 1227.60 తీసుకుంటే రెండింటి మధ్య ఒక మీటరు తేడా వచ్చిందంటే దారిలో దాదాపు తొమ్మిదిన్నర యూనిట్లు ఉన్నట్టు. అంతే లెక్క. చిక్కు ఎక్కడొస్తుందంటే, రెండు ఫ్రీక్వెన్సీలకీ ఉపగ్రహం లోపల, మన రిసీవర్ లోపల ఉన్న సర్క్యూట్లలో కూడా కొంచెం తేడా ఆలస్యం ఉంటుంది. ఒక్క నానోసెకండ్ తేడా అయినా దాదాపు మూడు యూనిట్లు తప్పు వస్తుంది. దాన్ని విడదీసి పక్కన పెట్టడమే ఈ పనిలో అసలు చాకిరీ.

నేను కూడా మా డాబా మీద చిన్న యాంటెన్నా, రెండు ఫ్రీక్వెన్సీల రిసీవర్ బోర్డు ఒకటి పెట్టి రెండేళ్లుగా రాసుకుంటున్నాను. శాస్త్రవేత్తల లెక్కంత పక్కాగా ఉండదు, ఇప్పుడు చెప్పిన ఆ సర్క్యూట్ తేడా నేను పూర్తిగా తీయలేను. అయినా రోజు నడక మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. తెల్లవారుజామున 10 లోపుకి పడిపోయి, సూర్యోదయం కాగానే లేచి, పదింటికల్లా బాగా ఎక్కి, రెండు మూడు గంటల వేళ శిఖరానికి చేరి, సాయంత్రం మెల్లగా దిగుతుంది. కొన్ని రోజులు దిగకుండా మొండికేస్తుంది, కొన్ని రోజులు ఏడు దాటాక గీత మొత్తం పిచ్చిపట్టినట్టు ఊగుతుంది.

రోవర్‌కి ఇదంతా ఎందుకంటారా? రోవర్ ఒంటరిగా పనిచేయదు. దూరంగా ఎక్కడో స్థానం ముందే తెలిసిన కార్స్ బేస్ స్టేషన్ ఉంటుంది, రెండూ ఒకే ఉపగ్రహాన్ని వింటాయి, బేస్‌కి వచ్చిన తప్పుని రోవర్ నుంచి తీసేస్తారు. బేస్ పైన, రోవర్ పైన ఎలక్ట్రాన్లు ఒకేలా ఉన్నంత వరకు తప్పు తప్పుతో కొట్టుకుపోతుంది, సెంటీమీటరు రెండు సెంటీమీటర్లలో పాయింటు వస్తుంది. అక్కడ 90 యూనిట్లు, ఇక్కడ 94 ఉంటే ఆ నాలుగు కొట్టుకుపోవు. రోవర్ చేసే పని ఏంటంటే, 19 సెంటీమీటర్ల పొడవున్న అలలు ఉపగ్రహం దాకా సరిగ్గా ఎన్ని పట్టాయో పూర్ణాంకంగా తేల్చడం. తేల్చగలిగితే ఫిక్స్, లేకపోతే ఫ్లోట్. నాలుగు యూనిట్ల తేడా అంటే 64 సెంటీమీటర్లు, మూడు అలల పైమాటే, ఇక పాపం అది ఏ పూర్ణాంకమని తేల్చుకోగలదు? అప్పుడప్పుడు తప్పు అంకెని పట్టుకుని ఫిక్స్ అని కూడా చూపించేస్తుంది. ఆ రైతు పొలంలో జానెడు తేడా వచ్చింది అలాంటిదే అని నా నమ్మకం. చుట్టుపక్కల నాలుగైదు బేస్‌ల లెక్క కలిపి మధ్యలో అంచనా వేసే పద్ధతి ఉంది, అది బాగానే ఆదుకుంటుంది, కానీ బేస్‌కి బేస్‌కి మధ్య పదుల కిలోమీటర్ల దూరం ఉండి, ఆ మధ్యలోనే ఎలక్ట్రాన్లు ఎగుడుదిగుడుగా ఉంటే అంచనా కూడా తప్పుతుంది.

ఇంగ్లండులోనో జర్మనీలోనో ఇంత ఇబ్బంది ఉండదు. మన దగ్గరే ఎందుకు ఎగుడుదిగుడు అంటే, మనం ఉన్న చోటు అలాంటిది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణపు కొసన, కేరళ తమిళనాడుల మీదుగా పోతుంది. 1963 నవంబర్ 21న మన మొదటి సౌండింగ్ రాకెట్‌ని తుంబా నుంచే ఎగరేయడానికి కారణం కూడా అదే. పగటిపూట అక్కడ తూర్పు దిక్కుగా ఉండే విద్యుత్ క్షేత్రం, ఉత్తరదిక్కుగా పడుకున్న భూమి అయస్కాంత క్షేత్రం, రెండూ కలిసి ఎలక్ట్రాన్లని పైకి ఎగదోస్తాయి. పైకి వెళ్లినవి అక్కడ ఉండలేక అయస్కాంత రేఖల వెంబడి జారుతూ ఉత్తరాన, దక్షిణాన చెరో పక్క పడతాయి, అచ్చం నీటి ఫౌంటెన్ లాగే. రేఖ మీద పల్చన, రేఖకి అటూ ఇటూ 15 డిగ్రీల అయస్కాంత అక్షాంశం దగ్గర రెండు గుట్టలు. దీన్ని 1946లో ఆపిల్టన్ గుర్తించాడు, అయనోస్ఫియర్ ఉందని 1924లో ప్రయోగం చేసి రుజువు చేసిన ఆపిల్టనే. ఉత్తరపు గుట్ట అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతా వైపు పడుతుంది. లోయ తిరునెల్వేలి వైపు. మన ఆంధ్ర, తెలంగాణ ఎక్కడున్నాయి? సరిగ్గా గుట్టకి, లోయకి మధ్య వాలు మీద ఉన్నాయి. వాలు మీద నిలబడ్డవాడికి నాలుగడుగులు అటు వేసినా ఎత్తు మారుతుంది కదా, అదే మన సంగతి.

సూర్యాస్తమయం అయ్యాక ఇంకో రకం. కింద పొరలో ఎలక్ట్రాన్లు త్వరగా మాయమవుతాయి, పైన బరువుగా మిగులుతాయి, నీళ్ల మీద నూనె ఉండాల్సింది పోయి నూనె మీద నీళ్లు పోసినట్టు తారుమారవుతుంది, కింది నుంచి ఖాళీ బుడగలు పుట్టి వందల కిలోమీటర్లు పైకి పొడుచుకుంటూ వెళ్తాయి. వాటి అంచుల్లోంచి వచ్చే సిగ్నల్ నక్షత్రం మినుకుమన్నట్టు మినుకుతుంది, దాన్నే సింటిలేషన్ అంటారు. తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్‌జ్ మీద పనిచేసే పెద్ద ఎంఎస్‌టీ రాడార్ ఉంది, ఈ బుడగలని ప్రపంచానికి చూపించిన చోట్లలో అదొకటి. తిరుమల వెళ్లే లక్షలమందికి ఆ సంగతి తెలియదు, మీ పత్రిక ఒక ఆదివారం దాని మీద రెండు పేజీలు ఇస్తే ఎంత బావుంటుంది.

ఈ చదువు మనకి కొత్త కూడా కాదండీ. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం దశాబ్దాల కిందటే అయనోస్ఫియర్ మీద పరిశోధనకి పేరు తెచ్చుకుంది, అక్కడ బి. రామచంద్రరావు గారు వేసిన పునాది అది. ఉస్మానియాలో నెర్టూ అనే విభాగం జీపీఎస్ సిగ్నళ్ల మీదే పనిచేస్తుంది. విమానాలకి దారి చూపే గగన్ వ్యవస్థ కోసం దేశమంతా టెక్ కొలిచే రిసీవర్లు పెట్టినప్పుడు అందులో హైదరాబాద్, విశాఖ ఉన్నాయి, ఆ కొలతలతో 2004, 2005 సంవత్సరాల టెక్ ఎలా నడిచిందో విడమరిచి రాసినవాళ్లు ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లే.

చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 1975లో మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పంచాయతీ ఆఫీసు దగ్గర కోళ్ల గూటికి కట్టే జాలీ లాంటి వలతో చేసిన పదడుగుల గొడుగు నిలబెట్టి, టీవీ పెట్టారు. సైట్ కార్యక్రమం అది, 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహాన్ని మన వైపు జరిపి మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల పల్లెలకి నేరుగా టీవీ చూపించారు. ఊరంతా నేల మీద కూర్చుని చూశాం. చాలా ఏళ్ల తర్వాత ఎమ్మెస్సీలో తెలిసింది, అదే ఉపగ్రహంలో 40, 140, 360 మెగాహెర్ట్‌జ్ మీద ఎడతెగకుండా సిగ్నల్ పంపే రేడియో బీకన్లు ఉన్నాయని, మేం టీవీ చూస్తున్న ఆ ఏడాదే ఊటీలో కూర్చుని శాస్త్రవేత్తలు వాటితో మన నెత్తి మీది ఎలక్ట్రాన్లు లెక్కపెట్టారని. ఆ రోజు లైబ్రరీలో ఆ పేజీ పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. మాకు వ్యవసాయ పాఠం చెప్పిన ఉపగ్రహమే వాళ్లకి ఆకాశం పాఠం చెప్పింది.

షార్ట్‌వేవ్ సంగతి పాత పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం సిలోన్ రేడియోలో తెలుగు పాటలు పెట్టుకుంటే అల వచ్చినట్టు గొంతు దగ్గరికొచ్చి, మళ్లీ దూరమైపోయేది గుర్తుందా, అది సెట్టు తప్పు కాదు, ఈ పొర ఊగడమే. జీపీఎస్‌కి అడ్డుపడే ఈ ఎలక్ట్రాన్లే షార్ట్‌వేవ్‌ని అద్దంలా వెనక్కి తిప్పి సముద్రాలు దాటిస్తాయి. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఫోన్లు తెగిపోయిన ఆ ద్వీపాల నుంచి మొదటి కబుర్లు బయటికి తెచ్చింది వాళ్ల షార్ట్‌వేవ్ సెట్లే, అవి ఈ పొరకి తగిలి వచ్చినవే. అదే రోజు ఇంకోటి జరిగింది. సముద్రం మధ్యలో సునామీ అల మీటరు ఎత్తు కూడా ఉండదు. కానీ అది వందల కిలోమీటర్ల వెడల్పున నీటిని ఎత్తి దింపుతుంటే పైనున్న గాలి కూడా లేచి పడుతుంది, పైకి పోయేకొద్దీ గాలి పల్చన కాబట్టి ఆ ఊపు పెరుగుతూ పోయి అయనోస్ఫియర్‌ని తడుతుంది. ఆ రోజు హిందూ మహాసముద్రం మీదుగా వెళ్తున్న జేసన్-1, టోపెక్స్-పోసైడాన్ ఉపగ్రహాలు కింద నీటి అలతో పాటు పైన ఎలక్ట్రాన్ల అలని కూడా నమోదు చేశాయి. ఇప్పుడు నాసా జేపీఎల్ వాళ్లు గార్డియన్ అనే వ్యవస్థతో ప్రపంచమంతా ఉన్న జీపీఎస్ స్టేషన్ల టెక్ చూస్తూ సునామీ ఆనవాళ్లు వెతుకుతున్నారు, 2025 జూలైలో కంచట్కా భూకంపం అల హవాయి చేరకముందే పసిగట్టారు. మన సునామీ హెచ్చరిక కేంద్రం హైదరాబాద్ ఇన్‌కాయిస్‌లోనే ఉంది. తూర్పు తీరంలో మనకున్న ప్రతి బేస్ స్టేషన్ ఇలా ఒక కన్ను అవుతుంది కదా అన్నది నా ఆశ.

విమానాల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి పెట్టిన గగన్‌కి 2013 చివర్లో మొదటి అనుమతి, 2015 ఏప్రిల్‌లో రన్‌వే వైపు ఎత్తు కూడా చూపుతూ దింపే స్థాయి అనుమతి వచ్చాయి. భూమధ్యరేఖ ప్రాంతంలో అలాంటి వ్యవస్థకి అనుమతి రావడం ప్రపంచంలో అదే మొదటిసారి. అమెరికా వాళ్ల అయనోస్ఫియర్ లెక్క తెచ్చి ఇక్కడ పెడితే పనిచేయలేదు కాబట్టే ఇస్రో మన వాలుకి తగ్గట్టు సొంతంగా వేరే లెక్క తయారు చేసుకోవాల్సి వచ్చింది. విమానం దింపడానికి అంత కష్టపడి కొలిచాం, మరి ఎకరం పొలం కొలిచేటప్పుడు ఆ ఊసే ఎత్తమా?

టెక్ కొలవడానికి ఇంకో పెద్ద కారణం నైసార్ ఉపగ్రహం. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లింది, మీరే మొదటి పేజీలో వేశారు. 12 రోజులకోసారి అదే చోటు మీదుగా వచ్చి, రాడార్‌తో నేల బొమ్మ తీస్తుంది. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి అలల తేడా చూస్తే నేల ఎక్కడ ఎంత కుంగిందో సెంటీమీటర్లలో తెలుస్తుంది. సింగరేణి గనుల పైన నేల, కొండచరియలు, గోదావరి కృష్ణా డెల్టాలు, ఇవన్నీ మనకి అవసరమే. కానీ అందులో నాసా ఇచ్చిన ఎల్ బ్యాండ్ రాడార్ తరంగం 24 సెంటీమీటర్లు, అది కూడా ఈ పొరని దాటే వెళ్లి దాటే రావాలి. ఆ ఫ్రీక్వెన్సీ మీద ఒక్క టెక్ యూనిట్ తేడా అంటే దూరంలో పావు మీటరు తప్పు. బొమ్మ మొత్తానికి ఒకేలా ఉంటే పర్వాలేదు, ఒక మూల ఒక యూనిట్ ఎక్కువ ఇంకో మూల తక్కువ ఉంటే, నిక్షేపంలా ఉన్న నేల వాలిపోయినట్టు బొమ్మలో కనిపిస్తుంది. అదీ కాక నైసార్ మన మీదుగా వచ్చేది పొద్దున ఆరు, సాయంత్రం ఆరు ఆ ప్రాంతంలో. సాయంత్రం ఆరంటే బుడగలు పుట్టే వేళకి కాస్త ముందు. రాడార్ ఫ్రీక్వెన్సీ పట్టీని రెండు ముక్కలు చేసి, నేను పైన చెప్పిన అన్నదమ్ముల లెక్కే వేసి ఈ తప్పు తీసే పద్ధతి పెట్టారు, ఇంకో ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే ఎస్ బ్యాండ్ రాడార్ కూడా ఉంది కాబట్టి అది ఆసరా. అయినా కింద నేల మీద ఆ వేళకి ఎన్ని యూనిట్లు ఉన్నాయో మనం విడిగా కొలిచి పెట్టుకుంటే ఆ బొమ్మలు చదివేవాళ్లకి ఎంత ధైర్యం.

ఇప్పుడు నా అడుగుడు. ప్రపంచవ్యాప్తంగా ఉచితంగా దొరికే టెక్ పటాల్లో గడి ఎంత ఉంటుందో తెలుసా అండీ? అడ్డంగా 5 డిగ్రీలు, నిలువుగా రెండున్నర డిగ్రీలు. హైదరాబాద్ నుంచి విశాఖ దాకా ఒక్క గడిలో పట్టేస్తుంది. ఆ మధ్యలో ఏముందో ఆ పటం చెప్పలేదు. మన దగ్గర రీసర్వే కోసం 2020 డిసెంబర్ నుంచి పెట్టుకుంటూ వచ్చిన కార్స్ స్టేషన్లున్నాయి, సర్వే ఆఫ్ ఇండియాకి దేశమంతా వెయ్యికి పైగా ఉన్నాయి. అవన్నీ రాత్రింబవళ్లు ఉపగ్రహాలని వింటూనే ఉంటాయి, టెక్ అనేది వాటిలోంచి ఊరికే వచ్చే లెక్క, కొత్తగా ఒక్క యంత్రం కొననక్కర్లేదు. గంటకోసారి జిల్లాలవారీగా ఒక పటం, ఎక్కడ ఎగుడుదిగుడు ఎక్కువుందో రంగులతో, అందరికీ కనబడేలా పెడితే చాలు. మా మేనల్లుడు లాంటివాళ్లు పొద్దున లేచి ఆ పటం చూసుకుని, తగాదా ఉన్న హద్దులు పదింటిలోపు పూర్తి చేసుకుని, మధ్యాహ్నం కాగితం పని చేసుకుంటారు. తగాదా ఉన్న ప్రతి రాయినీ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో రెండుసార్లు కొలిచి, ఆ వేళ టెక్ ఎంతుందో ఎల్‌పీఎం, అంటే ఆ పొలం పటం, కాగితం మీద ఒక అంకె రాస్తే, రేపు కోర్టుకి వెళ్లినా జడ్జిగారికి అదొక ఆధారం. గొలుసు లాగిన కాలంలో ఎండకి గొలుసు సాగుతుందని లెక్కలోకి తీసుకునేవారట, మా నాన్న చెప్పేవారు. ఎండకి ఆకాశం కూడా మారుతుందని మనం లెక్కలోకి తీసుకోలేమా?

మీ పత్రికని అడిగేది ఇంకా చిన్నది. రోజూ పంచాంగం వేస్తారు, వర్జ్యం, రాహుకాలం, దుర్ముహూర్తం, పక్కనే సూర్యోదయం, సూర్యాస్తమయం, ఉష్ణోగ్రత. ఆ గడి కింద ఒక్క వరస, నిన్న మధ్యాహ్నం మన మీద టెక్ ఎంత, సాయంత్రం సింటిలేషన్ ఉందా లేదా. వాల్తేరునో, ఉస్మానియానో అడిగితే ఇవ్వకపోరు. ఏమిటిది అని పిల్లలు అడుగుతారు, పెద్దవాళ్లు కనుక్కుని చెప్తారు. రీసర్వే వార్త రాసే మీ విలేకరులు కూడా ఆ వరస చూసుకుని, కొలిచింది ఎన్నింటికి, బేస్ ఎంత దూరం, స్క్రీన్ మీద ఫిక్సా ఫ్లోటా అని మూడు ప్రశ్నలు వేసి రాస్తే, సగం నిందలు ఆ కుర్రాళ్ల నెత్తిన పడకుండా ఉంటాయి. ఎండలో కర్ర పట్టుకుని నిలబడేది వాళ్లే కదండీ. అందరి ముందు దొంగ అనిపించుకుని ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్న రాత్రి వాణ్ణి చూశాను నేను.

ఆ రైతు హద్దురాయి ఇంకా పాతలేదు. ఈ నెలలో మళ్లీ కొలుద్దామని ఆయన్నీ, పక్క పొలం ఆయన్నీ ఇద్దర్నీ ఒప్పించాం. మీ విలేకరిని పంపండి. పొద్దున ఏడింటికల్లా వస్తే మొదటి కొలత చూడొచ్చు, మళ్లీ మధ్యాహ్నం రెండున్నరకి కూడా ఉండాలి, మధ్యలో భోజనం మా ఇంట్లోనే. డాబా మీద నా రిసీవర్ ఆ రోజంతా నడుస్తూనే ఉంటుంది, రెండు వేళల గీతలూ కాగితం మీద తీసి ఇస్తాను, పాయింట్లతో పాటు అవి కూడా వెయ్యండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్,
కాకినాడ